చదువులకొండ మీద దినం భోజనం

"మీ పీనుగులొచ్చాయి, ఎదురొచ్చి తీసుకోండిరా!"

కేక వీధి చివర్నుంచి వినపడింది. కొండ మీది వంటశాలలో వంటమేస్త్రి పప్పుగుండిగలో తెడ్డు తిప్పుతున్నాడు. ఆ కేకకి తెడ్డు ఆగింది. గొంతు ఆయన ఎరిగిందే. రోజూ తెల్లారగానే "కూరలే, ఆకుకూరలే" అంటూ కొండెక్కే గొంతు. ఇవాళ ఆ గొంతులో కూరలు లేవు.

మేస్త్రి తెడ్డు వదిలేసి గుమ్మంలోకొచ్చాడు. ఏటిగట్టు మీద మడులు వేసుకునే మనిషి, తోపుడుబండిని రొమ్ముతో నెట్టుకుంటూ ఏటవాలు వీధి ఎక్కొస్తోంది. బండి మీద తోటకూర లేదు, గోంగూర లేదు. మాడి మసైన పెట్టెలున్నాయి. కరిగి ముద్దకట్టిన వైర్లున్నాయి. పగిలిన గాజు తెరలున్నాయి. వాటి మీద సగానికి ఓ పాత తెల్లచీర కప్పింది. వీధిలో జనం చూసినవాళ్ళు చూసినట్టే పక్కకి తప్పుకున్నారు. శవానికి దారివ్వడం ఎవరికీ నేర్పక్కర్లేదు కదా.

చదువులకొండ గేటు దగ్గర కాపలావాడు కర్ర అడ్డం పెట్టాడు.

"లోపలికెళ్ళాలంటే చీటీ ఉండాలి."

"పీనుక్కి చీటీ ఏంట్రా? బయటికి పంపినప్పుడు ఏ చీటీ రాశారు?"

కాపలావాడు కర్ర తీసేశాడు.

మేస్త్రి మాత్రం గుమ్మం దాటలేదు. ఆ పెట్టెలు కొండ దిగింది ఎవరి చేతి మీదుగానో ఆ కొండ మొత్తానికి ఆయనకొక్కడికే తెలుసు.

ఇక్కడ ఆ కొండ సంగతి కాస్త చెప్పుకోవాలి, లేకపోతే కథకి కాళ్ళుండవు.

అదొక పెద్ద చదువుల కొండ. ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి చదువుకునే చోటు. అక్కడ నక్షత్రాల్ని కొలిచేవాళ్ళున్నారు, మట్టిని నాలిక మీద వేసుకుని దాని ఊరు చెప్పేవాళ్ళున్నారు, విషానికి విరుగుడు చెప్పేవాళ్ళున్నారు. యంత్రాల్ని తెచ్చుకోవడం కూడా ఆ కొండకి మా బాగా వచ్చు. కొత్త కంప్యూటర్లు దిగాయంటే కొబ్బరికాయ కొట్టాల్సిందే, నిమ్మకాయలు తొక్కించాల్సిందే, పసుపు కుంకాలు పెట్టి హారతివ్వాల్సిందే. ఒక్కోదాని వీపు మీద తెల్లరంగుతో ఒక అంకె వేసేవాళ్ళు. కొత్తకోడలు కాలుపెట్టినప్పుడు కూడా అంత మర్యాద జరగదనుకోండి.

కానీ సాగనంపడం ఆ కొండకి రాదు.

కొండకి ముగ్గురు పెద్దలు. ఒకాయన తెచ్చేపెద్ద, ఒకాయన దాచేపెద్ద, ఒకాయన ఒప్పుకునేపెద్ద. ఏ యంత్రమైనా చచ్చిందని చెప్పాలంటే ఈ ముగ్గురూ ఒకే రోజు, ఒకే చోట కూర్చుని, ఒకే మాట అనాలి. అదీ అక్కడి కట్టడి.

"నేను తెచ్చింది చచ్చిందంటే, చచ్చేదాన్ని తెచ్చానన్నమాటేగా?" అనేవాడు తెచ్చేపెద్ద.

"నా దగ్గర దాచింది ఒకటి తగ్గిందంటే నేను దొంగనన్నమాటేగా?" అనేవాడు దాచేపెద్ద.

"వాళ్ళిద్దరూ ఒప్పుకుంటే మధ్యలో నాదేముంది?" అనేవాడు ఒప్పుకునేపెద్ద.

అలా పదకొండేళ్ళుగా ఆ కొండ మీద ఒక్క యంత్రం కూడా చావలేదు.

తెర వెలగనివి, మీట నొక్కితే ఉలకనివి, ఓసారి పొగ వదిలి ఊరుకున్నవి, అన్నీ బతికున్నట్టే. దసరాకి ఆయుధపూజ నాడు వాటిక్కూడా బొట్టు పెట్టేవాళ్ళు. పనిచేసేవాటికి హడావుడిగా పెట్టేవాళ్ళు, వాటికి పనుంటుంది కనక. చచ్చినవాటికి తీరుబడిగా, భక్తిగా పెట్టేవాళ్ళు.

చావనివాళ్ళకి చోటు కావాలి మరి. ముందు వసారాల్లో పెట్టారు. తర్వాత మెట్ల కింద పెట్టారు. అదీ నిండాక దాచేపెద్ద వంటమేస్త్రి దగ్గరికొచ్చాడు.

"మేస్త్రీ, నీ భోజనాల హాలు ఓ రెండ్రోజులివ్వు."

ఆ రెండ్రోజులు మొదలై ఏడేళ్ళయింది.

ఆరువందల మంది ఎదురెదురుగా బంతులు తీరి నేల మీద కూర్చుని తినే హాలు అది. ఇప్పుడక్కడ యంత్రాలు బంతులు తీరి కూర్చున్నాయి, తలల మీద గుడ్డ ముసుగులు కప్పుకుని. మనుషులు మెట్ల మీద, గోడల పక్కన, ఎండలో, చూరు నీళ్ళ కింద కంచాలు పట్టుకుని నిలబడి తింటున్నారు. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో కంచం. తినడానికి మూడో చెయ్యి దేవుడివ్వలేదు.

మేస్త్రికి బంతి అంటే ప్రాణం. ఆయన గురువు నేర్పిన బంతికి రెండే కట్టుబాట్లు. పెద్దలు కూర్చుంటే గానీ ఎవరూ ముద్ద ఎత్తకూడదు. ఆఖరి మనిషి తినడం అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. చివర కూర్చున్న చంటిపిల్ల మెతుకూ మెతుకూ ఏరుకు తింటుంటే, ఎంత గొప్పవాడైనా సరే, ఎండిన చెయ్యి చూసుకుంటూ కూర్చోవాల్సిందే.

నిలబడి తినే చోట ఎవరు తిన్నారో, ఎవరు తినలేదో దేవుడికైనా తెలీదు. ఒకమ్మాయి, మట్టి మీద పరిశోధన చేసే పిల్ల, జ్వరంతో వరసలో నిలబడలేక మూడ్రోజులు అన్నానికి రాలేదు. నాలుగోరోజు మెట్ల మీద కూలబడితే గానీ ఎవరికీ తెలీలేదు. ఆ పిల్లకి మేస్త్రే గంజి కాచి తాగించాడు. బంతే ఉంటే ఖాళీ ఆకు మొదటి పూటే ఆయన కంట్లో పడేది. ఆ రోజు నించి ఆయన కడుపులో పొయ్యి ఆరలేదు.

భుజం మీద తువ్వాలు దులిపి ముగ్గురు పెద్దల దగ్గరికీ వెళ్ళాడు.

"నా హాలు నాకిచ్చేయండి."

"అవి బతికున్నాయి మేస్త్రీ. బతికున్నవాటిని ఎండలో పడేస్తామా?" అన్నాడు దాచేపెద్ద.

"మరి మనుషులు ఎండలోనేగా ఉంది?"

"మనుషులకి గొడుగులున్నాయిగా."

అదిగో, ఆ మాటకి మేస్త్రికి పిచ్చికోపం వచ్చింది. కోపం వచ్చినవాడి ఇంటి ముందు దొంగ బండి ఆపుకుని ఉంటాడంటారు. నాలుగు నెలల కిందట వంటశాల వెనక నిజంగానే ఓ లారీ ఆగింది. అందులోంచి పాతసామాన్లు పోగేసుకునే నిప్పులాయన దిగాడు. కనుబొమలు లేవు, కాలిపోయాయి. నవ్వు మాత్రం బాగుంది.

"వంటింటి వైపు తలుపు తాళం నీ దగ్గరేగా మేస్త్రీ? తియ్యి. నీకు డబ్బు కావాలా?"

"డబ్బు నీ దగ్గరే ఉంచుకో. నాకు చోటు కావాలి."

"ఇవన్నీ ఎక్కడికి తీసుకెళ్తావని అడగవా?"

"అడగను."

ఆ ఒక్క మాటే మేస్త్రి చేసిన తప్పు. బియ్యం ఏ ఊరివో, నెయ్యి ఏ గేదెదో అడక్కుండా పొయ్యి మీద పెట్టని మనిషి, ఆ రోజు అడగను అన్నాడు.

నలభై పెట్టెలు లారీ ఎక్కాయి. హాల్లో వెనక రెండు బంతులకి చోటొచ్చింది. మేస్త్రి ఆ చోటుని కడిగి, ఒక్కడే కాసేపు అక్కడ కూర్చున్నాడు. దాచేపెద్దకి ఏమీ తెలీలేదు. ఆయన ముందువైపు కిటికీలోంచి తొంగిచూసి, ముందు వరస కనపడితే "అందరూ క్షేమం" అని రాసుకుని వెళ్ళే అలవాటు మనిషి.

నిప్పులాయన వాటిని దూరం ఏమీ తీసుకెళ్ళలేదు. కొండ కిందే ఏటి ఒడ్డున దించాడు. రాగి కోసం వైర్లు తగలబెట్టాడు. మెరిసేవాటి కోసం పెట్టెలు బద్దలుకొట్టాడు. పనికొచ్చేది పట్టుకుని, పనికిరానిది ఏట్లోకి నెట్టి పోయాడు. ఆ ఏటి నీళ్ళే ఆమె మడులకి పారేది. ఆ మడుల్లోని ఆకుకూరే రోజూ పొద్దున్నే కొండెక్కి మేస్త్రి గుండిగలో పడేది.

ఇంక బండి దగ్గరికొద్దాం.

వంటశాల ముందు వాకిట్లో బండి ఆగింది. ఆరువందల మందీ చుట్టూ మూగారు. ముగ్గురు పెద్దలూ దిగొచ్చారు. దాచేపెద్ద ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, ఒక పెట్టె వీపు మీది మసి తుడిచి అంకె చూశాడు. రెండువందల పన్నెండు.

"ఇది ఇక్కడ ఉండటానికి వీల్లేదు. ఇది లోపలుంది. మొన్ననే కిటికీలోంచి చూశాను."

"కళ్ళ ముందుందిగా నాయనా," అంది ఆమె.

"కళ్ళ ముందున్నది వేరు, నేను చూసి రాసుకున్నది వేరు."

"సరే, దీనికి ప్రాణం ఉందో లేదో అదన్నా చెప్పండి ముగ్గురూ."

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. తెచ్చేపెద్ద ఆ మాడిన ముద్ద మీద చెయ్యి పెట్టబోయి, పెట్టకుండా దగ్గాడు.

"కొంచెం నలతగా ఉన్నట్టుంది," అన్నాడు.

జనం పక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు.

"నలతా! నాలుగు నెల్ల నించి నా మడులకి నలత. నా కోడికి నలత, నీళ్ళు తాగి పడిపోయింది. నా చేతులు చూడు." చేతులు చాపింది. మోచేతుల దాకా చర్మం పొరలుగా లేచిపోయి ఉంది. "ఏట్లోకి దిగి ఒక్కోటీ నేనే తీశాను. మీ వీపు రాతలు చూసి మీవని తెలుసుకున్నాను. ఇది మొదటి బండే. ఇంకా ఉన్నాయి అడుగున."

ఒప్పుకునేపెద్ద గొంతు సవరించుకున్నాడు. "ఇది చచ్చిందా, బతికిందా అన్నది నిదానంగా చూద్దాం. ముందు దీన్ని కొండ దాటించిన దొంగెవరో తేలాలి."

పొయ్యి మీది పప్పు అడుగంటుతున్న వాసన వచ్చింది. మేస్త్రి గుమ్మం దాటి ముందుకొచ్చాడు.

"నేనే."

ఆమె అటు తిరిగింది. ఇందాకటి నించీ అరుస్తున్న మనిషి గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది.

"నువ్వా బాబాయ్?"

మేస్త్రి నేల చూపులు చూశాడు.

"ముదురాకు నా పిల్లలకి ఉంచి, లేతాకు ఏరి నీకు తెచ్చానే! మొన్న తోటకూర పసుపు తిరిగితే, 'ఏం పోసి పెంచుతున్నావే, మురుగా?' అని నలుగురిలో నా మీద విసిరికొట్టావే! తప్పు నా చేతిదేమోనని ఇంటికెళ్ళి మడి మడంతా పీకి మళ్ళీ విత్తనం చల్లానయ్యా! నువ్వా?"

"తప్పు నాదమ్మా."

"తప్పంటే ఏరు తేటపడుద్దా?" గొంతు మళ్ళీ లేచింది. "తప్పని ఒకడంటాడు, నలతని ఇంకొకడంటాడు! ఇంతకీ ఆ కూర తిన్నది ఎవరనుకుంటున్నారు? మీరే! మీరు పారేసిందాన్నే నాలుగు నెల్లుగా మీరే పప్పులో వేసుకుని తిన్నారు!"

ఆరువందల చేతులు ఆరువందల పొట్టల మీదికెళ్ళాయి. తిలాపాపం తలా పిడికెడు అంటారు. మేస్త్రి తలా ఒక గరిటె పంచాడు, పైన నెయ్యి కూడా వేశాడు.

తెచ్చేపెద్ద మండిపడ్డాడు. "ఒరే వంటవాడా! ఇవాళే కొండ దిగిపో!"

"దిగిపోతానయ్యా," అన్నాడు మేస్త్రి. "ఇవాళ బంతి లేచాక."

"బంతా? ఏడేళ్ళుగా ఈ కొండ మీద బంతెక్కడిది?"

"ఇవాళుంది."

లోపలికెళ్ళి, ఆమె నిన్న తెచ్చిన ఆకుకూర పడిన పప్పుగుండిగ దించాడు. దాన్నెక్కడ పారబోసినా అది ఏటికే పోతుందని తెలిసి, మూత పెట్టి బండి మీద ఆ పెట్టెల పక్కనే పెట్టాడు. అప్పుడు వాకిట్లోకొచ్చి కేకేశాడు. పదకొండేళ్ళ కోపం, ఏడేళ్ళ కోపం, నాలుగు నెలల సిగ్గు, అన్నీ ఆ కేకలో ఉన్నాయి.

"వినండర్రా! ఇవాళ నిలబడేవాడికి అన్నం లేదు! కూర్చునేవాడికే అన్నం! హాల్లో కూర్చోవాలి! ఆకలైతే హాలు ఖాళీ చేయండి!"

ఆకలి కంటే పెద్ద హుకుం లేదు కదా. హాలు తాళం ఊడింది. ఇంజనీర్లు కాబోయేవాళ్ళు నలుగురు ఒక పెట్టెని తాడుకట్టి ఈడ్చబోయారు. ఆమె అడ్డం పడింది.

"పీనుగుని ఈడుస్తారా ఎక్కడైనా? మోయండి! ఈడిస్తే పగులుద్ది. పగిలితే లోపలి పాపం నేల్లోకి దిగుద్ది. మా ఏట్లో అట్టాగే దిగింది."

ఆ పూట చదువులకొండ మీద ఎవరూ పాఠం చెప్పలేదు, ఎవరూ వినలేదు. అందరూ మోశారు. నలుగురు నలుగురై, భుజాల మీద పెట్టుకుని, వసారా నీడలోకి తెచ్చి దించారు. దించిన చోట మరలు విప్పే మాస్టారు నేల మీద చతికిలబడి ఒకదాని కడుపు విప్పి చూశాడు.

"దీనికేం రోగం లేదే! వైరు తెగింది, అంతే. ఏడేళ్ళు శవాల్లో పడేశారు దీన్ని."

వైరు వేశారు. తెర వెలిగింది. పిల్లలు ఈలలు వేశారు. ఇంకోటి విప్పారు, అదీ పలికింది. పక్కనే విషాల మాస్టారు వచ్చి కూర్చున్నాడు. ఈ ఇద్దరూ ఒకే కొండ మీద ఇరవయ్యేళ్ళుగా ఉంటున్నా, పక్కపక్కన కూర్చోవడం అదే మొదలు.

"ఊపిరున్నవి ఇటు పెట్టండి," అన్నాడు మరల మాస్టారు.

"పోయినవాటి రాగి, ఇనుము ఎవరికైనా పనికొస్తుంది. చిప్పులు అతికిన ఈ పచ్చపలక మాత్రం ముట్టుకోకండి," అన్నాడు విషాల మాస్టారు. "దీన్ని విడదీయడం దీన్ని కన్నవాడికే రావాలి. పుట్టింటికి పంపాలి. తెచ్చేటప్పుడే రాయించుకోవాల్సింది, పోతే మీరే తీసుకుపోవాలని."

"ఎవరు రాయించుకుంటారయ్యా?" అని తెచ్చేపెద్ద గొణిగాడు. "పెళ్ళిలో చావు మాట ఎత్తుతామా?"

"అందుకేగా, పెళ్ళిపందిట్లోనే శవాలు పేర్చారు," అంది ఆమె.

నూటికి ముప్పై యంత్రాలకి ఊపిరుంది. తెచ్చేపెద్ద కిందటి వారమే కొత్తవి తెస్తున్నానని చాటించాడు. ఇప్పుడాయన వెలుగుతున్న ఆ పాత తెరల వైపు చూడకుండా, ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆకాశంలో ఏమీ లేదు.

కొండ కింద నిప్పులాయన లారీ హారన్ మూడుసార్లు మోగింది. వాసన పట్టి వచ్చాడన్నమాట. కాపలావాడు ఇందాకటి కర్ర తీసుకెళ్ళి గేటుకి అడ్డం పెట్టి, దాని మీద తనే కూర్చున్నాడు.

ఈలోగా మేస్త్రి వండాడు. ఎలా వండాడనుకున్నారు! మంట మీద కోపం, కోపం మీద గుండిగ. పెసరపప్పు వండాడు. అరటికాయ కూర వండాడు, కంద వండాడు. ఉల్లిపాయ ముట్టలేదు. మినపపిండి రుబ్బించి గారెలు వేశాడు. పరమాన్నం దించాడు. హాలు మూడుసార్లు కడిగించి, బంతులు తీర్చి అరిటాకులు పరిచాడు. ప్రతి ఆకులోనూ ఒక మూల ఏమీ వడ్డించలేదు. ఆకుకూర పెట్టే మూల అది.

ఆరువందల మందీ కూర్చున్నారు. ఏడేళ్ళ తర్వాత మోకాలికి మోకాలు తగిలింది. మట్టి పరిశోధన పిల్ల కూడా ఒక బంతి చివర కూర్చుంది. మేస్త్రి కళ్ళు ఆకుల వెంట పరుగెత్తాయి. ఒక్క చూపులో అందరూ కనపడ్డారు.

గుమ్మంలో ముగ్గురు పెద్దలు ఆగిపోయారు. బంతి మొదట్లో వాళ్ళ కోసం మూడు ఆకులున్నాయి. ఒప్పుకునేపెద్ద ఆ ఆకుల్లోకి చూశాడు. గారె చూశాడు, పరమాన్నం చూశాడు, ఉల్లి లేని కూర చూశాడు.

"మేస్త్రీ, ఇది దినం వంట."

"అవునయ్యా."

"ఎవరి దినం?"

"మీకు తెలీదా?"

"ఈ ఆకు ముందు కూర్చుంటే..." అని తెచ్చేపెద్ద ఆగాడు.

"పోయారని ఒప్పుకున్నట్టే," అన్నాడు మేస్త్రి. "బతికున్నవాళ్ళకి దినం తినరు కదయ్యా. ముగ్గురూ ఒకే రోజు, ఒకే చోట, అన్నారు. రోజు ఇదే. చోటు ఇదే."

"మేం కూర్చోకపోతే?"

"పెద్దలు కూర్చోందే ఎవరూ ముద్ద ఎత్తరు. అందరూ ఇలాగే ఉంటారు."

దాచేపెద్ద హాలు వైపు చూశాడు. ఆరువందల మంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒక్కళ్ళూ మాట్లాడకుండా ఆ ముగ్గుర్నే చూస్తున్నారు. పొద్దుట్నించీ శవాలు మోసిన ఆకలి అది. నెయ్యి వాసన గాల్లో వేలాడుతోంది. తింటున్న చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం ముందు ఆమె ఇందాకటి అరుపు ఎంతో నయం.

గారెలు చల్లారుతున్నాయి.

దాచేపెద్ద మొల్లోంచి తాళంచెవుల గుత్తి తీశాడు. పదకొండేళ్ళుగా అది ఆయన నడుముని ఒక పక్కకి వంచేసింది. దాన్ని గుమ్మం పక్కన పెట్టి, వచ్చి ఆకు ముందు కూర్చున్నాడు.

"చచ్చిపోయాయి," అన్నాడు చిన్నగా. "ఎప్పుడో చచ్చిపోయాయి. నేను రోజూ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను."

తెచ్చేపెద్ద తలుపు పట్టుకుని నిలబడ్డాడు. మరల మాస్టారు ఆయన వంక చూసి, "రండి, తెచ్చిన చేతులే మోయాలి. మొయ్యాలంటే తినాలిగా," అన్నాడు. ఆయనా కూర్చున్నాడు.

"వాళ్ళిద్దరూ ఒప్పుకుంటే..." అని మొదలుపెట్టాడు ఒప్పుకునేపెద్ద.

"ఒప్పుకున్నారు!" అని ఆరువందల గొంతులు ఒక్కసారే అరిచాయి. గోడలు అదిరాయి. ఆయన ఉలిక్కిపడి కూర్చున్నాడు.

అందరి చేతులూ ఆకుల వైపు కదిలాయి. మేస్త్రి చెయ్యెత్తి ఆపాడు.

"ఆగండి. ఇంకొక ఆకుంది."

అన్ని బంతులకీ ఆఖర్న, తలుపు పక్కన, ఒక ఆకు ఖాళీగా ఉంది. ఆమె గుమ్మం బయట బండిని ఆనుకుని నిలబడి ఉంది.

"నీ ఆకమ్మా," అన్నాడు మేస్త్రి.

"మీ చావుకూడు నాకెందుకు? మీవాళ్ళు పోయారు, మీరు తినండి. నా ఏరు ఇంకా పోలేదు. దానికి దినం పెట్టించుకోను నేను."

"దానికి కాదు. నువ్వు లేకపోతే ఇది బంతి కాదు, అందుకని."

దాచేపెద్ద తన ఆకులో వేలు పెట్టి, ఖాళీగా ఉన్న మూల చూపించాడు.

"మేస్త్రీ, ఆకుకూర ఏదీ?"

"ఏట్లో ఉందయ్యా."

ఆరువందల మందీ తమ ఆకుల్లోని ఆ ఖాళీ మూల వంక చూసుకున్నారు.

ఆమె ఆ వంగిన తలలన్నీ చూసింది. తర్వాత బండి మీంచి రెండువందల పన్నెండో నంబరు పెట్టెని తీసుకుంది. మసి చీరకంటినా లెక్కచేయకుండా చంకనెత్తుకుని లోపలికొచ్చి, దాన్ని తన పక్కన నేల మీద పెట్టి, ఆఖరి ఆకు ముందు కూర్చుంది.

మేస్త్రి ఆమె ఆకులో వడ్డించాడు. గరిటె కింద పెట్టి, వడ్డించే మనిషి జన్మలో ఎప్పుడూ కూర్చోని చోట, ఆమెకి ఎదురుగా కూర్చున్నాడు.

"బాబాయ్," అంది ఆమె. గొంతులో కోపం తగ్గలేదు. "బంతిలో ఆఖరి మనిషి తినడం అయ్యేదాకా ఎవరూ లేవకూడదంటావుగా?"

"లేవకూడదమ్మా."

"ఎంత పెద్దోళ్ళయినా?"

"ఎంత పెద్దవాళ్ళయినా."

ఆమె బంతి మొదట్లో ఉన్న ముగ్గురి వైపూ ఒక్కసారి చూసింది. ఆకు చుట్టూ నీళ్ళు తిప్పింది. గారె తుంచి, అందులో ఒక్క ముక్క, ఒకే ఒక్క ముక్క, ఆ ఖాళీ మూలలో విడిగా పెట్టుకుంది.

"ఇది ఏరు తేటపడ్డాక తింటాను," అంది. "కానివ్వండి, అందరూ తినండి."